తొమ్మిదో తరగతి కథని పరీక్ష కోసమే కాకుండా ఇష్టంగా చదవాలంటే

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం 'బీహైవ్'లో చాలా ఏళ్లుగా మొదటి పాఠంగా పిల్లలు చదువుతూ వచ్చిన కథ ఐజాక్ అసిమోవ్ రాసిన 'ద ఫన్ దే హాడ్'. రాసింది 1951లో, కథ జరిగేది 2157లో. అమలాపురంలో మా అరుగు మీద సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలతో దీన్ని ఏటా చదివిస్తాను. మార్కుల కోసం పెట్టిన కథని కూడా మనసారా చదువుకోవచ్చని నా గట్టి నమ్మకం.

ముందు గైడు మూసెయ్యండి. జవాబు ఎక్కడుందా అని వెతుక్కుంటూ చదివితే కథ చేతికి చిక్కదు. చిన్న కథే కాబట్టి ఒక్క ఊపులో పైకి చదివెయ్యండి, తెలియని మాట దగ్గర ఆగొద్దు. ఇద్దరుంటే ఒకరు కథలోని పాప మార్గీ, ఇంకొకరు కుర్రాడు టామీ అయిపోండి. మార్గీకి పదకొండేళ్లు, టామీకి పదమూడు. ఆ రెండేళ్లకే వాడు చూపించే పెద్దరికం గొంతులో పలకాలి. అన్నయ్యలున్న ఆడపిల్లలు ఈ భాగం బ్రహ్మాండంగా చదువుతారు.

రెండోసారి నెమ్మదిగా చదవండి. రేపటి కాలం ఎంత ఘోరంగా ఉందో ఇలాంటి కథల్లో ఎవరూ అరిచి చెప్పరు. అక్కడివాళ్లకి అది మామూలే, ఆ మామూలు సంగతులే మనం పట్టుకోవాలి. మార్గీ పడకగది పక్క గదే బడి. టీచరు పెద్ద తెర ఉన్న నల్లటి యంత్రం. హోంవర్కు దాని సందులో పెట్టడమంటే ఆ పిల్లకి ఒళ్లుమంట. జాగ్రఫీలో మార్కులు తగ్గుతూ పోతే అమ్మ ఇన్‌స్పెక్టర్‌ని పిలిపిస్తుంది. ఆయన మార్గీ చేతిలో ఒక యాపిల్ పెట్టి, యంత్రం మొత్తం విప్పుతాడు. మళ్లీ బిగించడం రాకపోతే బాగుండునని మార్గీ ఆశ. ఆయన బిగించేస్తాడు. తప్పు పాపది కాదు, జాగ్రఫీ వేగం ఎక్కువైందంతే అని తల నిమురుతాడు.

కథకి ప్రాణం ఇక్కడే ఉందంటాను. అమ్మ చెడ్డది కాదు, ఇన్‌స్పెక్టరూ మంచివాడే. అయినా ఆ పిల్లకి పక్కన ఇంకో పిల్ల కావాలేమోనని ఎవరికీ తట్టదు. విలన్ లేకుండానే మార్గీ ఒంటరిదైపోయింది. ఇక్కడ కాసేపు పుస్తకం పక్కన పెట్టి మాట్లాడుకోండి.

తర్వాత కథని మన ఊళ్లోకి తెచ్చుకోవాలి. 2020లో బళ్లు మూసి ఫోన్లో క్లాసులు పెట్టినప్పుడు, లంక ఊళ్ల పిల్లలు సిగ్నల్ కోసం డాబాలెక్కారు, ఏటిగట్టు మీద కూర్చున్నారు. "అందర్నీ మ్యూట్‌లో పెట్టమనేవారండీ. నా ఫ్రెండ్ క్లాసులో ఉందో లేదో కూడా తెలిసేది కాదండీ" అంది ఒకమ్మాయి. మార్గీ సంగతి ఆ పిల్లకి నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక కథతో పోట్లాడండి. పాతకాలం పిల్లలంతా ఒకేచోట చేరి చదువుకునేవారట, ఎంత సరదాగా ఉండేదో అనుకుంటుంది మార్గీ. మన బడి నిజంగా అంత సరదాగా ఉందా? పిల్లలు రెండు జట్లుగా చీలిపోతారు. రేవు దాటి వచ్చే కుర్రాడికి పంటు మీద కబుర్లే సగం బడి. యూనిట్ టెస్టుల టెన్షన్ కన్నా ఆ యంత్రమే నయమని ఇంకొకరి వాదన. ఎవరేమన్నా సరే, కథలోంచి ఒక వాక్యం చూపించి మాట్లాడాలని నా షరతు. మార్గీకి బడి ఎందుకు నచ్చదని పరీక్షలో అడిగితే, ఈ గొడవలో మీరు వెతికి చూపించిన వాక్యాలే జవాబుకి సరిపోతాయి.