రియోహా వైన్ సీసా లేబుల్ ఎలా చదవాలి?

స్పెయిన్ ఎర్ర వైన్ అనగానే ఎక్కువగా వినిపించే పేరు రియోహా. ఇంగ్లిష్‌లో రాస్తే మధ్యలో 'జె' ఉంటుంది గానీ, స్పానిష్‌లో దాన్ని 'హ' అనే పలుకుతారు. ఇది ద్రాక్ష పేరు కాదు, ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది పక్కనున్న ప్రాంతం పేరు. ఎర్ర వైన్‌కి అక్కడ ముఖ్యమైన ద్రాక్ష టెంప్రానియో. త్వరగా పండుతుంది కాబట్టే ఆ పేరు వచ్చింది.

సీసా చేతికి రాగానే ముందువైపు బొమ్మ చూసి మురిసిపోకండి. ముందు సంవత్సరం వెతకండి. 'కోసెచా' అనే మాటతో ఉండేది ద్రాక్ష కోసిన ఏడు, సీసాలో నింపిన ఏడు కాదు.

తర్వాత సీసా వెనక్కి తిప్పండి. అక్కడ రియోహా నియంత్రణ మండలి వేసిన చిన్న ముద్ర, దాని మీద నంబరు ఉంటాయి. అది లేకపోతే కొనకండి. 1991లో స్పెయిన్ మొత్తంలో 'కాలిఫికాదా' అనే పై హోదా మొదట దక్కింది ఈ ప్రాంతానికే. ఆ మాట లేబుల్ మీద కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు ముద్ర రంగు చూడండి. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఎరుపు ఉంటే క్రియాన్సా: కనీసం 2 ఏళ్లు నిలవ ఉంచినది, అందులో ఏడాది ఓక్ పీపాలో. ముదురు ఎరుపు అయితే రెసెర్వా: 3 ఏళ్లు, అందులో కనీసం ఏడాది పీపాలో, 6 నెలలు సీసాలో. నీలం అంటే గ్రాన్ రెసెర్వా: 5 ఏళ్లు, పీపాలో 2, సీసాలో 2 తప్పనిసరి. ఈ లెక్కలు ఎర్ర వైన్‌కి మాత్రమే. ఆకుపచ్చ ముద్రకి ఇలాంటి షరతు లేదు. అలాగని దాన్ని చులకనగా చూడొద్దు. పీపాలో బాగా మాగబెట్టి కూడా, ఈ తరగతుల్లో చేరడం ఇష్టంలేక ఆకుపచ్చతోనే అమ్మే మంచి తయారీదారులు ఉన్నారు.

పీపాకి అంత ప్రాధాన్యం ఎందుకంటే, 225 లీటర్ల ఆ పీపా చెక్కలోంచి గాలి చాలా కొద్దికొద్దిగా లోపలికి వెళ్లి వైన్‌లోని వగరును మెత్తబరుస్తుంది. అమెరికన్ ఓక్ అయితే వెనీలా, కొబ్బరి వాసన కూడా అంటుతుంది. ఆ పీపా కొలత ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు ఫ్రెంచ్ తోటల్ని తినేస్తే, అక్కడి వ్యాపారులు వైన్ కోసం రియోహాకి వచ్చారు. హారో ఊళ్లో రైల్వే స్టేషన్ చుట్టూ వెలసిన పాత వైన్ తయారీశాలలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా క్రియాన్సా. పండు రుచి పోకుండానే చెక్క వాసన తెలుస్తుంది. గ్రాన్ రెసెర్వాలో ఎండు పళ్లు, తోలు వాసనలు ముందుకొస్తాయి, అందరికీ నచ్చకపోవచ్చు. రియోహాలో ద్రాక్ష తీగల ఎండు కొమ్మల నిప్పు మీద కాల్చిన గొర్రె మాంసంతో తాగుతారు. మన మటన్ వేపుడుతోనూ బాగుంటుంది, కాకపోతే కారం తగ్గించండి. కారం ఎక్కువైతే వైన్ నోట్లో మండినట్టుంటుంది.

తాగేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. మన ఎండల్లో గది వేడి అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి, తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పాత గ్రాన్ రెసెర్వా అయితే ముందురోజే సీసాను నిలబెట్టి ఉంచండి. మడ్డి అడుగుకు దిగుతుంది. నెమ్మదిగా వంచి పోసి, ఆఖరి గుక్కెడు సీసాలోనే వదిలేయండి.