కడుపుతో ఉన్న చిన్నపిల్లకు తిండి అందాలంటే

పదహారు, పదిహేడేళ్లకే కడుపుతో ఉన్న పిల్ల ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. తిండి చాలకపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ లోటే. రక్తహీనత, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఈ ముప్పులన్నీ ఆ వయసులో ఎక్కువ. రేషన్ కార్డుంటే మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తాయి. హైదరాబాద్ బస్తీల్లో అసలు కరువు పప్పుకీ, పాలకీ, గుడ్డుకీ.

అందుకే ముందు ఆమె ఉంటున్న బస్తీ అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. అక్కడే కూర్చుని తినాలి. ఇంటికి తెస్తే గుడ్డు చిన్నోళ్లకు, పాలు ఛాయ్‌కి పోతాయి. ఎవరినీ తప్పుపట్టలేం, ఇల్లన్నాక అంతే. అక్కడ తిన్నది కదా అని రాత్రి అన్నం తగ్గించకండి.

చివరి మూడు నెలల్లో మామూలుకన్నా రోజుకు సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఎక్కువ కావాలి. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, 30 గ్రాముల పల్లీల్లో 7 దాకా ఉంటాయి. మిగతాది గట్టిపప్పుతో సరిపెట్టొచ్చు. పల్చటి చారు మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఐరన్ మాత్రలు ఇంట్లో ఉన్నా చాలాచోట్ల పనిచేయవు. ఛాయ్‌తో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. ముందూ వెనకా గంటసేపు ఛాయ్ వద్దు, నిమ్మరసమో జామకాయో మంచిది. కాల్షియం మాత్రకు కనీసం 2 గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేస్తారు, అది మాత్ర వల్లే. వికారమైతే రాత్రి తిన్నాక వేసుకోమనండి. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే మోతాదు డాక్టరే మారుస్తారు, 7 కన్నా తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నెలనెలా బరువు, బీపీ చూపించండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల పరీక్షలు ఉచితం. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయండి.

కేసవుతుందని పిల్లను దాచేవారున్నారు. 18 నిండకపోతే ఆసుపత్రి వాళ్లు పోలీసులకు తెలపాల్సిన మాట నిజమే, కానీ వైద్యం కాదనడానికి వీల్లేదు. గర్భిణులకు కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం డబ్బుకు మాత్రం 18 ఏళ్ల 7 నెలలు నిండాలి, దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.