అహద్ హాఆమ్‌ను కడపలో కూర్చుని చదువుకునే పద్ధతి

యూదు జాతీయోద్యమం గురించి మన వైపు మాట మొదలైతే అది రెండు నిమిషాల్లో నేటి యుద్ధవార్తల దగ్గరికి చేరి అక్కడే ఆగిపోతుంది. ఆ ఉద్యమంలోనే రాజ్యం కంటే సంస్కృతి ముందని వాదించిన పాయ ఒకటి ఉంది. దానికి ముఖ్యుడు అహద్ హాఆమ్. ఆయనను నలుగురైదుగురు మిత్రులు నాలుగు ఆదివారాలు కూర్చుని చదువుకోవడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చోటు కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయమైతే మరీ మంచిది. కారణం ముందు ముందు తెలుస్తుంది.

పుస్తకం తెరవకముందే పదాల సంగతి తేల్చుకోవాలి. తెలుగు బైబిలు చదివినవారికి సీయోను, మోషే, విశ్రాంతిదినము వంటి మాటలు పరిచితమే కాబట్టి అటువంటి మిత్రుడు ఒకరు బృందంలో ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. అసలు చిక్కు ‘ఆధ్యాత్మిక కేంద్రం’ అనే మాటతో వస్తుంది. ఆధ్యాత్మికం అనగానే మనకు మోక్షం, ఆశ్రమం గుర్తుకు వస్తాయి గాని, అహద్ హాఆమ్ దైవభక్తిని బోధించినవాడు కాడు. సంప్రదాయ కుటుంబంలో పుట్టి, మతవిశ్వాసాన్ని వదులుకుని, ఆ మతం పెంచిన నీతిని, భాషను, జ్ఞాపకాన్ని మాత్రం జాతి ప్రాణంగా భావించినవాడు. ఆయన వాడిన హీబ్రూ మాట ‘రూహనీ’. కడపలో ఉర్దూ మాట్లాడే మిత్రుడికి అది విన్న వెంటనే ‘రూహ్’ తడుతుంది, అది సరైన ఊహే. హీబ్రూ, అరబ్బీ మాటలు రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఈ ఒక్క మాట మీద అరగంట గడిచినా వృథా కాదు.

మొదటి ఆదివారం, యూదులకు సొంత రాజ్యం కావాలన్న నాయకుడు హెర్జల్‌తో ప్రారంభించవద్దు. 1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య తరువాత యూదుల మీద జరిగిన దాడుల నుంచి మొదలుపెట్టాలి. ఆ భయంలో కొందరు అమెరికా ఓడలెక్కగా, కొందరు పాలస్తీనాలో వ్యవసాయ వాడలు కట్టడానికి బయలుదేరారు. 1856లో కీవ్ సమీపంలోని స్క్విరాలో పుట్టిన ఆషెర్ గిన్స్‌బర్గ్ 1889లో ‘ఇది మార్గం కాదు’ అనే వ్యాసంతో ఈ తొందరను విమర్శించాడు. మనసులు సిద్ధం కాకుండా భూమి కొంటే లాభం లేదన్నది ఆయన వాదం. అప్పుడు పెట్టుకున్న కలం పేరే అహద్ హాఆమ్, అంటే ‘ప్రజలలో ఒకడు’. జీవిక కోసం తరువాత ఒక టీ కంపెనీలో పనిచేసిన మనిషికి ఆ పేరు బాగానే అమరింది.

రెండవ ఆదివారం 1897లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో హెర్జల్ జరిపిన మొదటి యూదు జాతీయ మహాసభను, దానిపై ఆయన రాసిన విమర్శను కలిపి చదవాలి. హెర్జల్ చూసినది యూదుల సమస్య, అంటే పీడన, దారిద్ర్యం. అహద్ హాఆమ్ చూసినది యూదుత్వ సమస్య, అంటే పాత కట్టుబాట్లు సడలిన కాలంలో ఆ సంస్కృతి దేనిని పట్టుకుని బతకాలన్నది. యూదులందరూ పాలస్తీనాకు చేరలేరు కాబట్టి, అక్కడ ఒక చిన్న కేంద్రం వెలిసి, ఇతర దేశాలలో ఉండిపోయినవారికి భాషను, విద్యను, ఆత్మగౌరవాన్ని అందించాలని ఆయన కోరిక. లియోన్ సైమన్ చేసిన ఇంగ్లీషు అనువాదం చాలు. ఒకరు పేరా చదివి, మరొకరు తెలుగులో చెప్పాలి.

మూడవది భాష. బ్రౌన్ బంగళా ఉన్న చోట కూర్చోవాలన్నది ఇందుకే. 1820లో బ్రౌన్ కడపకు వచ్చేనాటికి తెలుగు బజారులో నిక్షేపంగా ఉంది. చెదలు తింటున్నవి తాళపత్రాలు. హీబ్రూది సరిగ్గా తలకిందుల స్థితి. గ్రంథాలు, ప్రార్థనలు, పండితుల ఉత్తరాలు చెక్కుచెదరలేదు గాని, ఇంట్లో బిడ్డను ఆ భాషలో పిలిచే తల్లి లేదు. హీబ్రూను మళ్లీ మాట్లాడే భాషగా చేయాలని పూనుకుని 1881లో పాలస్తీనాకు చేరిన బెన్ యెహూదా తన కొడుకుతో హీబ్రూ తప్ప మరో మాట పలకనని పట్టుబట్టాడు. అహద్ హాఆమ్ 1896లో ‘హాషిలోఅహ్’ పత్రిక స్థాపించి ఆరేళ్లు నడిపి, ఆ భాషలో స్పష్టమైన ఆధునిక వచనానికి బాట వేశాడు. మన భాషోద్యమంతో పోల్చాలనే ఉత్సాహం సహజమే. అయితే పోలిక ఎక్కడ తెగిపోతుందో కాగితం మీద రాసుకోనిదే ముందుకు పోకూడదు.

సమయం మిగిలితే, యూదులను ఈజిప్టు బానిసత్వం నుంచి నడిపించుకొచ్చాడని బైబిలు చెప్పే ప్రవక్త మీద ఆయన రాసిన 1904 నాటి ‘మోషే’ వ్యాసం చూడవచ్చు. మోషే చరిత్రలో ఉన్నాడా లేడా అన్నది ప్రధానం కాదని, తరాల మనసులో బతికిన మోషేయే చరిత్రను నడిపాడని అందులో వాదన. నాకు అది ఆయన రచనలలో అందమైనదిగాను, కొంత ప్రమాదకరమైనదిగాను కూడా కనిపిస్తుంది.

నాలుగవ ఆదివారానికి 1891లో ఆయన పాలస్తీనాను చూసి వచ్చి రాసిన వ్యాసాన్ని అట్టిపెట్టాలి. ఆ దేశం ఖాళీగా ఉందన్న నమ్మకం నిజం కాదని, సాగులో లేని పొలం అక్కడ అరుదని, కొత్తగా వచ్చినవారిలో కొందరు అరబ్బుల పట్ల క్రూరంగా నడుచుకుంటున్నారని ఆయన అందులో తనవాళ్లనే హెచ్చరించాడు. బాసెల్ సభకు ఆరేళ్ల ముందు రాసిన మాటలివి. దీనిని ఒకరు గట్టిగా చదవాలి, మిగిలినవారు మధ్యలో అడ్డుపడకూడదు. చదవడం ముగిశాక మాట నేటి వార్తల మీదికి మళ్లితే, ఆ రోజు మాత్రం ఆపవద్దు.