సహస్రార ధ్యానం ఇంట్లో ఎట్టా చేయాలి?

పసిబిడ్డకి నీళ్లు పోసేముందు మా నెల్లూరు సైడు అమ్మమ్మలు నడినెత్తిన ఆముదం పెట్టి అరచేత్తో మెల్లగా అద్దుతారు చూడండి, అక్కడ మెత్తగా, చర్మం కింద టకటకా కొట్టుకుంటా ఉంటది, మాడు అంటాం. యోగంలో సహస్రారం అనేది అక్కడే. వెయ్యి రేకుల తామర. దాని కింద వెన్ను పొడుగునా ఆరు చక్రాలు, అంటే శక్తి కేంద్రాలు ఉంటాయని యోగులు చెప్తారు. వాటి రేకులు 4, 6, 10, 12, 16, 2 కలిపితే 50, దానికి 20 రెట్లు ఈ వెయ్యి.

జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో లలితా సహస్రనామం చదివేవాళ్లకి "సహస్రారాంబుజారూఢా" నోటికొచ్చే ఉంటది, కానీ దానికి ముందు "మూలాధారైకనిలయా" అని వస్తది కదా, అంటే మొదలు వెన్ను అడుగునుండే మూలాధార చక్రం నుంచే. చాలామంది డైరెక్టుగా నెత్తిమీదకే పోతారు, అక్కడే తేడా కొడతది.

మన ఎండల సంగతి తెలిసిందే కాబట్టి తెల్లారి 5 గంటలకే పరగడుపున డాబా మీద చాపేసుకోండి. సుఖాసనం చాలు, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ అయినా పర్లేదు, వెన్ను మాత్రం నిటారుగా ఉండాల.

ముందు నాడీశోధన. కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చి కుడితో వదలాల, మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదిలితే ఒక రౌండు. అట్టా 9 రౌండ్లు, ఊపిరి బిగబట్టొద్దు. ప్రాణం నడిచే నాడుల్లో ఎడమది ఇడ, కుడిది పింగళ, రెండూ సమానమైతేనే మధ్యలో ఉండే సుషుమ్న నాడి తెరుచుకుంటదని యోగులు చెప్పేది.

తర్వాత ఓంకారం 11 సార్లు. చివర్లో నోరు మూసి మ్‌మ్ అనేటప్పుడు అరచెయ్యి నడినెత్తిన పెట్టి చూడండి, సన్నగా అదురు తెలుస్తది, తుమ్మెద రొదలాగా.

ఇప్పుడు మూలాధారం నుంచి పొత్తికడుపు, బొడ్డు, గుండె, గొంతు, కనుబొమల మధ్య, ఒక్కోచోట మూడు శ్వాసలు ఆగి మాడు దాకా రండి. అక్కడికొచ్చాక మంత్రం వద్దు, వెలుగు కనపడాలని ఊహించుకోవద్దు, ఊరికే పది నిమిషాలు కూర్చోండి, అంతే.

మొదట్లో నేను మూసిన కళ్లనే పైకి లాగి అరగంట కూర్చునేవాణ్ణి, సాయంత్రం దాకా తలనొప్పి. కళ్లు వదులుగా ఉండాల. తల బరువెక్కితే ధ్యాస అరికాళ్లకి తెచ్చుకోండి. బీపీ, మెడనొప్పి, గ్లకోమా (కంటి నీటికాసులు) ఉన్నవాళ్లు సహస్రారం కోసమని శీర్షాసనం జోలికి అస్సలు పోవద్దండి. నిద్ర పట్టకపోయినా, భయం పుట్టినా ఆపేసి డాక్టరుకి చూపించుకోండి.

లేచేముందు అరచేతులు రుద్ది కళ్లమీద పెట్టుకుని, 5 నిమిషాలు శవాసనం వేయండి, అప్పటిదాకా ఫోను ముట్టుకోవద్దు.