గట్టు మీది చిన్న పూలు – 3వ పాఠం: బొక్కెనాకు

పోయిన రెండు పాఠాల్లో కణుపుని వేలితో తడిమి పట్టుకోవడం, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా లేదా చూడటం నేర్చుకున్నాం కదా, ఈసారి ఆ రెండూ పనికొచ్చే మొక్క. చెన్నైలో తేమ ఉన్న చోటల్లా ఉంటుంది, చెరువు గట్టు, పార్కులో కుళాయి పక్కన గడ్డి, కాలవ ఒడ్డు... పక్కింటి తమిళావిడని అడగండి, పొడుదలై అని వెంటనే చెప్పేస్తారు, చుండ్రుకి నూనెలో వేసి కాస్తారు వాళ్ళు. మన తెలుగులో బొక్కెనాకు. లాంటానా పొదదీ, దీనిదీ ఒకే వెర్బెనా కుటుంబం, కాకపోతే లాంటానా అమెరికా నుంచి వచ్చింది, ఇది ఇక్కడిదే.

నిలబడి చూస్తే తెల్ల చుక్కలు తప్ప ఏమీ కనపడవు, మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. ముందు తీగని మెల్లగా పైకి లాగండి, కణుపు కణుపుకీ వేరు దిగి ఉంటుంది కాబట్టి చటుక్కున రాదు. తర్వాత ఆకు చూడండి, మొదట్లో సన్నగా, కొసకి వెడల్పుగా చెంచాలా ఉంటుంది, రంపపు పళ్ళు కొస వైపు మాత్రమే, కింది సగం అంచు నున్నగా ఉంటుంది. నాకు ఈ మొక్కలో అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

ఇక పూలు. ఆకు పంగలోంచి ఆకు కంటే పొడుగైన కాడ, దాని చివర చిన్న గుండు, ఒక్కో పువ్వు రెండు మూడు మిల్లీమీటర్లే. పూలు కింద నుంచి పైకి విచ్చుకుంటాయి, అందుకే ఏ రోజు చూసినా గుండు చుట్టూ ఒక్క వరస మాత్రమే ఉంగరంలా కనిపిస్తుంది, కింది వరస అయిపోయేకొద్దీ గుండు సాగి సాగి కోలగా అవుతుంది. తెలుపో లేత గులాబీయో, గొంతులో పసుపు, రంగుని మాత్రం నమ్ముకోకండి.

చాలామంది పొరబడేది పొన్నగంటి కూరతో. అదీ తేమలోనే పాకుతుంది, దానివీ తెల్ల గుండ్లే, కానీ అవి కాడ లేకుండా కణుపుకే అతుక్కుని ఉంటాయి, ఆకుకి పళ్ళుండవు. కాడ ఉందా లేదా, ఆ ఒక్కటి చూస్తే చాలు.

పది రెట్ల లెన్స్ ఉంటే ఆకు మీద నూగు చూడండి, ప్రతి వెంట్రుకా మధ్యలో అతుక్కుని రెండు వైపులా పడుకుని ఉంటుంది, అచ్చం తక్కెడ దండెలా!! మొదటిసారి చూసినప్పుడు ఎంతసేపు అలా ఉండిపోయానో.

పేరు సంగతి కూడా చెప్పేస్తా, పాత పుస్తకాల్లో లిప్పియా నోడిఫ్లోరా అని ఉంటే కంగారు పడొద్దు. మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని వెర్బెనా ప్రజాతిలో పెట్టాడు, ఇప్పటి పేరు ఫైలా నోడిఫ్లోరా, గ్రీన్ అనే వృక్షశాస్త్రవేత్త 1899లో అలా మార్చాడు. నోడిఫ్లోరా అంటే కణుపు దగ్గర పూసేది.

వచ్చే పాఠం లోపు ఒకే మొక్కలో ఒక గుండుకి దారం కట్టి, వారం పాటు రోజూ పొద్దున్నే ఆ పూల ఉంగరం ఎంత పైకెక్కిందో నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. మొక్కని పీకొద్దు.