కంప్యూటర్ తనంతట తానే మాట్లాడుతోందా? ముందు ఆ గొంతు ఎవరిదో తేల్చండి

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ బాబాయిగారిది విండోస్ 10 పాత డెస్క్‌టాప్. మొన్న రాత్రి, "అమ్మాయ్, ఇది ఒకటే వాగుతోంది, నోరు మూయించి వెళ్లమ్మా" అని ఫోన్. విండోస్‌లో మన మాట విని పలికే సహాయకురాలు కోర్టానాయే అనుకుని సెట్టింగ్స్‌లో ఇరవై నిమిషాలు వెతికాను. తీరా చూస్తే అది కోర్టానా కానే కాదు!

లక్షణం: ఏది నొక్కినా పైకి చదువుతుంది, దాని చుట్టూ నీలం గీత కనబడుతుంది.

ఇది నరేటర్, చూపు సరిగా లేనివారి కోసం పెట్టింది. కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే మొదలవుతుంది, మళ్లీ అవే నొక్కితే ఆగుతుంది. బాబాయిగారు సిస్టమ్ ఆన్‌లో ఉండగానే కీబోర్డు దుమ్ము గుడ్డతో తుడిచారట! మళ్లీ ఇలా జరగకుండా ఈజ్ ఆఫ్ యాక్సెస్‌లో నరేటర్ తెరిచి, షార్ట్‌కట్ అనుమతి తీసేశాను.

లక్షణం: ఎవరూ పిలవకపోయినా చిన్న పెట్టె తెరుచుకుని, మీ మాట కోసం వింటుంది.

ఇది మాత్రం కోర్టానాయే. "హే కోర్టానా" పిలుపు ఆన్‌లో ఉంటే టీవీలో మాటలకు కూడా పలకవచ్చు. ప్రైవసీలో వాయిస్ యాక్టివేషన్‌కి వెళ్లి ఆఫ్ చేయండి. చాలామందికి ఇంతే చాలు.

అసలు నడవనే కూడదంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి వర్షన్ చూడండి. 2004 (ఇది వర్షన్ నంబరు, సంవత్సరం కాదు) గానీ, ఆ తర్వాతది గానీ అయితే కోర్టానా విడి యాప్. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి డిజేబుల్ చేస్తే సిస్టమ్‌తో పాటు లేవదు.

అంతకన్నా పాతదైతే కాస్త తలనొప్పే. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ (విండోస్ నియమాలు మార్చే చోటు) తెరిచి, విండోస్ కాంపొనెంట్స్‌లోని సెర్చ్ కింద 'అలో కోర్టానా'ను డిజేబుల్ చేసి రీస్టార్ట్ చేయాలి. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) మార్చాలి. బ్యాకప్ తీయకుండా దాని జోలికి వెళ్లకండి. కోర్టానా ఫోల్డర్ పేరు మార్చేస్తే సరి అనే చిట్కా మాత్రం వద్దు. ఆ పాత వర్షన్లలో స్టార్ట్ మెనూ సెర్చ్ కూడా దానితోనే ముడిపడి ఉంది, రెండూ పోతాయి.

విండోస్‌లో కోర్టానా యాప్‌కు 2023లోనే మద్దతు ఆపేశారు. ఇంకా పలుకుతోందంటే ఆ సిస్టమ్‌కు అప్‌డేట్లు పెట్టి చాలాకాలమై ఉంటుంది, ముందు అది చూడండి.