పాత కారు పార్టులతో గాలిమర కడుతున్నారా, గాలుల సీజన్ రాకముందే ఇవి చూస్కోండి

కారు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంట్ పుట్టించే భాగం), వీల్ హబ్, పాత పైపులు పెట్టి ఇంట్లోనే గాలిమర చేసుకునేవాళ్లు చాలామంది ఎన్ని వాట్లొస్తాయి అన్న లెక్కలోనే ఉండిపోతారు. నేను మాత్రం ముందు అడిగేది ఒక్కటే, పెద్ద గాలొచ్చినప్పుడు దాన్ని ఎలా ఆపుతారు? దీనికి జవాబు లేకపోతే దయచేసి పోల్ ఎక్కించకండి.

గాలి వేగం రెట్టింపైతే అందులో పవర్ ఎనిమిది రెట్లవుతుంది. అడ్డంగా 2 మీటర్లున్న రోటర్ (రెక్కల చక్రం) నిమిషానికి 500 సార్లు తిరిగిందంటే రెక్క కొస గంటకి దాదాపు 190 కిలోమీటర్ల స్పీడులో పోతున్నట్టు, ఆ స్పీడులో విరిగిన ముక్క ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే తిరిగేటప్పుడు రెక్కల వరసలో పక్కన నిలబడొద్దు, పిల్లల్ని అటు రానివ్వొద్దు.

రోటర్ మీద లోడ్ (కరెంట్ తీసుకునే బ్యాటరీ లాంటిది) పోయిందంటే దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, స్పీడు పెరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ ఫుల్ అయ్యాక మామూలు సోలార్ కంట్రోలర్ కరెంట్ తీసుకోవడం ఆపేస్తుంది, ప్యానెల్‌కి దానివల్ల ఏం కాదు కానీ గాలిమరకి అదే ప్రమాదం, కాబట్టి మిగిలిన కరెంట్‌ని హీటర్ లాంటి డంప్ లోడ్‌కి పంపే కంట్రోలర్ పెట్టాలి. తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకితే ఒక్కసారిగా వోల్టేజ్ ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్ కూడా పోతాయి.

ఇంకోటి, జనరేటర్ నుంచి వచ్చే మూడు ఫేజు వైర్లు కలిపి షార్ట్ చేస్తే ఆగిపోతుంది అని చాలామంది చెప్తారు, అది పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్‌కి పనికొచ్చే మాట, మామూలు కారు ఆల్టర్నేటర్‌కి ఫీల్డ్ కరెంట్ (లోపలి చుట్టని అయస్కాంతంగా మార్చే కరెంట్) అందకపోతే అయస్కాంతమే ఉండదు, ఇక షార్ట్ చేసి ఏం లాభం. మాగ్నెట్ది అయినా గాలి బాగా ముదిరాక షార్ట్ చేస్తే ఆగకుండా వైండింగ్ (లోపలి రాగితీగ చుట్ట) కాలిపోవచ్చు, ముందే చేయాలి. కారు ఆల్టర్నేటర్‌కి స్పీడు చాలదని పుల్లీ, బెల్ట్ పెడతారు కదా, ఆ బెల్ట్ తెగితే రోటర్‌కీ ఆల్టర్నేటర్‌కీ సంబంధమే ఉండదు. అందుకే బ్రేకు రెక్కలున్న షాఫ్ట్ మీదే ఉండాలి, పాత కారు బ్రేక్ డ్రమ్ము, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఇక్కడ బాగా పనికొస్తాయి, కాకపోతే గాలిమర తల అటూ ఇటూ తిరిగే కొద్దీ కేబుల్ మెలిపడుతుంది, అది చూసి అమర్చుకోవాలి. గాలి ఎక్కువైతే రోటర్‌ని పక్కకి తిప్పేసే మడత తోక కూడా పెట్టండి, బ్రేకు వేయడానికి మీరు దగ్గర లేనప్పుడు అదే దిక్కు.

పాత సామాను విషయంలో బేరింగ్‌ని చేత్తో తిప్పి చూడండి, గరగర అన్నా ఊగినా మార్చేయండి. పాత బ్రేకు దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి దులపకండి, తడిపి తుడవండి. జింకు పూత ఉన్న పైపుని వెల్డింగ్ చేసే ముందు ఆ పూత గీకేయండి, లేకపోతే ఆ పొగకి జ్వరమొస్తుంది. రెక్కల బ్యాలెన్స్ కింద ఉండగానే సరిచూడండి.

12 వోల్ట్‌లేగా అని బ్యాటరీ దగ్గర అశ్రద్ధ వద్దు, షార్ట్ అయితే వందల ఆంప్స్ పారి స్పానర్ ఎర్రగా కాలుతుంది. ప్లస్ టెర్మినల్‌కి ఆనుకునే ఫ్యూజ్ పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు పేలడానికి, గాలాడే చోటే ఉంచండి.

పోల్ ఎత్తేది గాలి లేని రోజునే, రోటర్‌ని తాడుతో కట్టేసి, పోల్ ఎటు పడినా కరెంట్ తీగలకి తగలనంత దూరంలో. నాలుగు వైపులా స్టే వైర్లు (పోల్‌ని నేలకి లాగి కట్టే తీగలు) ఉండాలి, ఎత్తుతున్నంతసేపు కింద ఒక్క మనిషి కూడా ఉండకూడదు, ఇంటి కప్పు మీద మాత్రం వద్దే వద్దు, వణుకు మొత్తం గోడల్లోకి దిగుతుంది. పోల్‌కి ఎర్తింగ్ మర్చిపోకండి.

మొదటి గట్టి గాలి అయిపోగానే బ్రేకు వేసి, పోల్ దించి నట్లన్నీ మళ్లీ బిగించండి, స్టే వైర్లు వదులయ్యాయేమో చూడండి, రెక్కల మొదట్లో సన్న పగుళ్లు వెతకండి. తుఫాను వస్తుందని తెలిస్తే బ్రేకుని నమ్ముకుని కూర్చోకుండా ముందురోజే పోల్ పడుకోబెట్టేయండి.